రంగన్న తెచ్చిన గుడ్డు

బేతంచెర్ల పక్క నాపరాళ్ల గనుల్లో రంగన్నను మించిన మాటకారి లేడు. అదే అతని కొంప ముంచింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, గనుల్లో పనీ పడుకుంది. రంగన్న గోదావరి అవతలి అడవులకు కూలికి పోయాడు. అక్కడ రాళ్ల ఆఫీసర్లు నేల తవ్వించి, ఎప్పుడో రాయిగా మారిపోయిన ఎముకలు తీయిస్తున్నారు. తిరిగొచ్చాక కాఫీ హోటలు దగ్గర కూర్చుని చూసింది చూసినట్టు చెప్పాడు పాపం. అది బల్లి జాతి జంతువట. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడుగట. అంత ఒళ్లు పెట్టుకుని ఆకూ అలమూ తప్ప ఏమీ ముట్టేది కాదట, పళ్ల వాటం చూసి ఆఫీసరు ఆ సంగతి తేల్చాడట. కొత్తగా దొరికింది కాబట్టి దానికింకా పేరు కూడా పెట్టలేదట.

హోటలు హోటలంతా పగలబడి నవ్వింది. జంతువుకు పేరు లేకపోయినా రంగన్నకు మాత్రం ఆ పూటే పేరు పడింది, కోతల రంగన్న అని.

ఊరు నవ్వితే నవ్వనీ, దాని నోరు దానిది. ఇంట్లో నాగక్క కూడా నమ్మలేదు, అదే అతన్ని లోపల్లోపల కోసేసింది. యాడాడ తిరిగొచ్చినావో చెప్పుకోలేక ఈ కత అల్లినావులే అని మొహాన్నే అనేసింది మహాతల్లి. ఆ తర్వాత అతను జంతువు ఊసెత్తితే చాలు, లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

ఇన్ని నిజాలు చెప్పినవాడు ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. వచ్చేటప్పుడు ఆఫీసరు ముచ్చటపడి ఇచ్చిన రాయొకటి తెచ్చాడు. కొబ్బరికాయంత ఉంటుంది, నున్నగా, గుండ్రంగా. నిజానికది ఆ జంతువు వేసిన పేడ, కాలం గడిచి రాయైపోయింది. కానీ నెలల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగి వచ్చిన మొగుడు, వాకిట్లో అమ్మలక్కలంతా చూస్తుండగా, పెళ్లాం చేతిలో పేడముద్ద ఎట్లా పెడతాడు? ఏం తెచ్చినావని నాగక్క అడిగితే, నోటికి అందిన మాట అనేశాడు. గుడ్డు అన్నాడు.

ఇక చూడండి చోద్యం. నిజాలకు నవ్విన ఊరు ఈ అబద్ధానికి చేతులు జోడించింది. నాగక్క దాన్ని దేవుని గూట్లో పెట్టి పసుపు పూసింది, కుంకుమ పెట్టింది. పక్కింటి తిరుపతమ్మకు శానా ఏళ్లుగా పిల్లల్లేరు. ఆమె ఆ గుడ్డుకు మొక్కుకుంది, ఏడాది తిరక్కుండా కొడుకును కనింది. అప్పటి నుంచి శుక్రవారం వస్తే రంగన్న వాకిలి ఆడవాళ్లతో నిండిపోయేది. వాళ్లను చూసినప్పుడల్లా రంగన్నకు ఒకటే భయం. గుడ్డు సంగతి బయటపడితే జంతువు సంగతీ దాంతోపాటే మట్టిలో కలుస్తుంది. ఇక జన్మలో నాగక్క తన మాట నమ్మదు.

అట్లాంటి శుక్రవారం ఒకటి చూసుకుని దిగాడు, ఆ రాయిచ్చిన ఆఫీసరు ప్రకాశం. బేతంచెర్ల గుహల్లో ఏవో ఎముకలున్నాయంటే చూడ్డానికి వచ్చాడట. వచ్చినవాడు వచ్చినట్టు పోకుండా, మన రంగన్న ఇల్లెక్కడని వెతుక్కుంటూ వచ్చాడు. రంగన్న గబుక్కున ఎదురెళ్లాడు. హోటల్లో కాఫీ తాగుదాం రండి సారూ అని చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని మజ్జిగన్నా ఇయ్యకుండా పంపిస్తే నాగక్క ఊరుకుంటుందా? లోపలికి పిలిచి చాప వేసింది. ఆయన కన్ను తిన్నగా గూటి మీద పడింది.

"అరే, నేనిచ్చిన పేడకు పూజలు చేస్తున్నారేమిటయ్యా రంగన్నా?" అని ఆయన హాయిగా నవ్వాడు. మరెవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

తిరుపతమ్మ చంకలోని బిడ్డను గట్టిగా పట్టుకుంది. రంగన్న తల ఎత్తలేకపోయాడు. ఏదో పొరపాటు జరిగిందని గ్రహించిన ప్రకాశం, పేడంటే తీసిపారేసేది కాదమ్మా అంటూ గబగబా సర్దబోయాడు. ఎముకను బట్టి జంతువు ఎంత ఉండేదో తెలుస్తుందనీ, ఏం తిని బతికిందో పళ్ల కంటే ఇదే గట్టిగా చెబుతుందనీ అన్నాడు. పసుపు అంటని చోట భూతద్దం పెట్టి, రాతిలో ఇరుక్కున్న ఆకు ఈనెలు చూపించాడు.

నాగక్క భూతద్దంలోకి చాలాసేపు చూసింది.

"పేడయితే తప్పేముండాది సామీ? గొబ్బెమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేది దేంతో?" అంది. ఆడవాళ్లంతా అవునవునన్నారు. ఆమె ఇంకా రాయినే చూస్తూ, "పేడ ఉండాదంటే, ఏసింది కూడా ఉండే ఉంటాది కదా. దాని తొడ మనిషంత ఉండెనా సామీ?" అని అడిగింది.

"మీ ఆయన కంటే జానెడు ఎక్కువేనమ్మా. తవ్వి తీసింది ఆయనే కదా, మీకు చెప్పలేదా?" అన్నాడు ప్రకాశం.

నాగక్క మొగుడి వైపు తిరిగి చూసింది. తిరుపతమ్మ మాత్రం, ఏదైతేనేం నా మొక్కు తీరిందని బిడ్డ తలను గూటికేసి వంచి దండం పెట్టించింది.

ఆ సాయంత్రం సంగటి వడ్డిస్తూ నాగక్క మొగుణ్ణి కడిగి ఆరేసింది. అంత దూరం పోయి పెండ్లానికి పేడ తెచ్చినోడు ఈ కర్నూలు జిల్లాలో నువ్వొక్కడివేనంది. రంగన్న అంతా సంగటితో పాటే మింగాడు. అతని మనసు సిగ్గుతోనూ సంతోషంతోనూ నిండిపోయింది. తిట్లన్నీ అయిపోయాక ఆమె పొయ్యి దగ్గరికి పోలేదు. అతని ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"ఊఁ, మొదట్నుంచి చెప్పు. దాని మెడ ఎంత ఉండె?"

రంగన్న చేతిలోని సంగటి ముద్దను పళ్లెంలో పెట్టేసి, రెండు చేతులూ బార్లా చాచాడు.