ఆర్డిస్ వంటింట్లో కురిసిన వాన

ఉదయం ఏడింటికి ఆర్డిస్ హాల్వర్సన్ కోటు తొడుక్కుని పెరట్లోకి వెళ్తుంది. కంచె పక్కన కర్రకు బిగించిన గొట్టంలో వాన ఎంత పడిందో చూస్తుంది. మంచు పడితే చెక్కపలక మీద కొలబద్ద నిలబెట్టి చూస్తుంది. లోపలికొచ్చి ఆ అంకెను కంప్యూటర్‌లో ఎక్కించి వాతావరణ ఆఫీసుకు పంపుతుంది. జీతం లేని పని. నలభై ఒక్కేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. భర్తను సమాధి చేసిన రోజు కూడా ముందు కొలిచాకే నల్లగౌను తొడుక్కుంది.

అమెరికా ఉత్తరాన చలిరాష్ట్రమైన మిన్నెసోటాలో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆమె వంటింటి గోడ ఫోను సంగతి అందరికీ తెలుసు. అందులో ఎవరు మాట్లాడితే వాళ్ల ఊరి వాతావరణం వంటింట్లోకి వస్తుంది. ఇక్కడిది అక్కడికి వెళ్తుంది. ఆదివారాలు అరిజోనా నుంచి చెల్లెలు ఫెర్న్ మాట్లాడుతుంటే ఆ ఎండకు ఆర్డిస్ గిన్నెలు తుడిచే గుడ్డలు ఆరేసుకుంటుంది. అవతల ఫెర్న్ ఏసీ ఆపేసి శాలువా కప్పుకుంటుంది. పక్కింటి లవోన్ అయితే రొట్టెపిండి గిన్నె చంకన పెట్టుకుని వచ్చేస్తుంది. "ఇంకో పావుగంట మాట్లాడించవే, పిండి పొంగాలి," అంటుంది.

ఆర్డిస్‌కు ఎనభై ఒకటి. ఆమె భయపడేది ఒక్క మరుపుకే. పోయిన శీతాకాలం చర్చి మెట్ల మీద, తన పెళ్లిలో తోడుపెళ్లికూతురుగా నిలబడిన మనిషే ఎదురైతే పేరు నోటికి రాలేదు. ఆ రోజు నుంచి ప్రతిదీ కంప్యూటర్‌లో రాసుకుంటోంది. మనుషుల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు, భర్త నవ్వితే ముందు ఏ భుజం కదిలేదో. ఆ రాతలు ఇంకెక్కడా లేవు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున, బయట మంచు పడుతుండగా, అంకె ఎక్కించబోతుంటే తెర ఎర్రబడింది. సైరన్ మోగింది. "వైరస్ సోకింది. కంప్యూటర్ ఆపొద్దు. ఆపితే మీ ఫైళ్లన్నీ పోతాయి. అయిదు నిమిషాల్లో ఈ నంబరుకు ఫోన్ చేయండి," అని ఒక గొంతు అదే పనిగా చెప్పింది. మౌస్‌ను ఎటు కదిపినా ఆ పెట్టె మూసుకోలేదు.

ఆర్డిస్ వంటింటి గోడ ఫోను తీసి ఆ నంబరు నొక్కింది.

"కంప్యూటర్ కంపెనీ నుంచి జెస్సికాను మేడమ్. మీ రక్షణ ప్రోగ్రాం గడువు జనవరిలోనే అయిపోయింది. మీరు మర్చిపోయినట్టున్నారు."

ఆ ఒక్క మాటకు ఆర్డిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మర్చిపోయే ఉంటుంది. జనవరిలో ఏం చేసిందో, ఏం చేయలేదో ఇప్పుడెవరు చెప్పగలరు? జెస్సికా చెప్పినట్టల్లా మీటలు నొక్కింది. తెర మీద తొమ్మిది అంకెలు వచ్చాయి.

"అవి చదవండి మేడమ్. నేను ఇక్కణ్నుంచే లోపలికొచ్చి బాగుచేస్తాను."

నాలుగు చదివేసరికి ఆర్డిస్ మెడంతా చెమట. భయం వల్లనుకుంది. అంత కంగారులోనూ, ఆ ఊరి మనిషి గనక, అడగాల్సింది అడిగింది.

"అక్కడ వాతావరణం ఎలా ఉందమ్మాయ్?"

"మీ రాష్ట్రంలోనే, మినియాపోలిస్‌లోనే ఉన్నాను. బ్రహ్మాండంగా ఉంది మేడమ్, హాయిగా చల్లగా. అయిదో అంకె?"

ఆర్డిస్ కాఫీ కప్పులోకి చూసింది. కాఫీ మీద ఎర్రటి దుమ్ము తేలుతోంది. వెన్న కరిగి గిన్నె అంచు దాటింది. నా బుర్రే చెడిందా అనుకుంది. గోడకున్న థర్మామీటర్ వైపు చూసింది. ఫారెన్‌హీట్‌లో నూట నాలుగు, అంటే నలభై సెల్సియస్. తన మతిని నమ్మడం మానేసి ఏడాదైంది గానీ, కొలిచే సాధనాన్ని ఆమె ఏనాడూ అనుమానించలేదు.

"నువ్వు మినియాపోలిస్‌లో లేవు," అంది.

"మేడమ్, టైం అయిపోతోంది..."

"నూట నాలుగు డిగ్రీలుంది మీ దగ్గర. గాలి మారింది. ఉరుముతోంది కూడా. వినపడట్లేదా నీకు?"

"ఇక్కడ కిటికీల్లేవు," అనేసింది జెస్సికా.

మొదటి చినుకు పొయ్యి మీద పడింది. ఉసిరికాయంత చినుకు, గోరువెచ్చగా. తర్వాత వంటిల్లంతా ఒక్కసారిగా వాన. దాంతోపాటు నేల వాసన. నలభై ఒక్కేళ్లుగా వాన కొలిచిన మనిషికి ఆ వాసన కొత్త. నెలల తరబడి కాగి కాగి, చివరికి తడిసిన మట్టి వాసన. దాని వెనకే ఏవో పచ్చికాయలు గాలికి రాలి చితికిన పుల్లటి వాసన. ఆర్డిస్ అయిదు నిమిషాల గడువును గాలికొదిలేసి, కంప్యూటర్ మీద వానకోటు కప్పి, గూట్లో ఉన్న రెండో కొలత గొట్టాన్ని తెచ్చి వంటింటి మధ్యలో నిలబెట్టింది. మొహం పైకెత్తి నిలబడింది. ఫోను మాత్రం చెవి దగ్గరే ఉంది.

అవతల జెస్సికా వెనక ఎన్నో గొంతులు అవే మాటలు వల్లెవేస్తున్నాయి. వైరస్, గడువు, మర్చిపోయారు. ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మేడమ్... నా బల్ల మీద తెల్లగా ఏదో పడుతోంది."

"మంచు. మా పెరట్లోది."

"చేతిలో నిలవట్లేదు."

"నిలవదు. నల్లగుడ్డ మీద పట్టు. దగ్గరగా చూడు."

"ఆరు రెక్కలున్నాయి," అంది జెస్సికా, గుళ్లో మాట్లాడినంత మెల్లగా. "ఏ రెండూ ఒకేలా లేవు."

ఆ తర్వాత ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "అమ్మా, మిగతా అంకెలు చెప్పకండి. మీ కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. అది మేం వేసిన ఉత్త బొమ్మ. నిజమైన హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. తెర నల్లబడేదాకా పవర్ బటన్ నొక్కిపట్టండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు తెరవమంటారా అంటే వద్దనండి."

"మరి జనవరిలో నేను మర్చిపోయిందో?"

"గడువూ లేదు, ఏమీ లేదు. అందరికీ అదే చెప్తాం. మీరేమీ మర్చిపోలేదమ్మా."

లైను తెగింది. ఆర్డిస్ బటన్ నొక్కిపట్టింది. తిరిగి తెరిస్తే పేర్లన్నీ ఉన్నాయి, భర్త ఎడమ భుజంతో సహా.

"ఓసినీ, గుమ్మందాకా నీళ్లొచ్చాయి, ఎవరితోనే మాట్లాడావ్?" లవోన్ చీపురుతో వచ్చింది.

"దొంగతో."

"ఇంత వెచ్చటి దొంగా! ముందే చెబితే పిండి తెచ్చుకునేదాన్ని కదే."

ఆ రోజు ఆర్డిస్ పెరట్లో మంచు రెండంగుళాలని పంపింది. వివరాల గడిలో, వంటింట్లో వాన అంగుళంలో మూడోవంతు అని రాసింది. ఆఫీసువాళ్లు అలాగే నమోదు చేసుకున్నారు.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో చాలా పేర్లు జారిపోయాయి. మళ్లీ ఏప్రిల్‌లో ఒక పొద్దున ఫోన్ మోగింది. ఆర్డిస్ తీసింది. వెనక గొంతుల గోల లేదు. ఆకుల మీద వాన చప్పుడు, దగ్గర్లో ఏదో పిట్ట. పొయ్యి మీద చినుకు పడింది. మట్టి వాసన, పచ్చికాయల వాసన.

"అమ్మా, అక్కడ వాతావరణం ఎలా ఉంది?"

ఆర్డిస్ కంప్యూటర్‌లో రాతలేవీ వెతకలేదు. "మంచు పడుతోందమ్మాయ్. నల్లగుడ్డ ఉందా?"

"కిటికీలో పరుచుకుని కూర్చున్నానమ్మా."