తడి గోనె

నిన్న సాయంత్రం చచ్చిన ఆల్చిప్పలు ఏరి పడేసిన బకెట్టు ఖాళీగా ఉంది. ఎవరో శుభ్రంగా కడిగి, గోడవార బోర్లించారు.

ఆమె ఒక చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, రెండోది వేసుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది. చెత్తబండి వచ్చి వెళ్ళిందేమో అనుకుని పెరటి గేటు దాకా వెళ్ళి చూసింది. డబ్బాలు నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, పగిలిన గాజు గ్లాసు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఖాళీ అయింది బకెట్టు ఒక్కటే. అయినా చెత్తబండివాళ్ళు బకెట్లు కడిగి బోర్లించడం ఎక్కడన్నా ఉందా?

అప్పుడు కొళాయి మీద గోనె కనిపించింది. ఉతికి, పిండి, ఆరేసి ఉంది.

ఆ వంటింట్లో తడి గోనెకు ఒకటే అర్థం. దాని కింద ఉన్నవి బతికి ఉన్నాయి, కడిగి కుండలో వేసుకోవచ్చు. చచ్చినవాటి మీద ఎప్పుడూ ఏదీ కప్పరు. కానీ నిన్న సాయంత్రం మేడ మీద కొత్త బొమ్మల ప్రదర్శన మొదలైంది. గ్లాసులు పట్టుకున్న జనం పిట్టగోడ మీంచి వంగి సముద్రాన్ని చూస్తున్నారు. మేనేజరు రుసరుసలాడుతూ పెరట్లోకి దిగి వచ్చాడు.

"చిప్పలమ్మా, పైన పెద్దవాళ్ళంతా ముక్కులు మూసుకుంటున్నారు. ఆ కంపు మీద ఏదన్నా కప్పు."

చేతికి అందినదాన్నే కప్పింది. అందింది తడి గోనె. కప్పాక ఒక్క క్షణం మనసు పీకింది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి తీసేయొచ్చులే అనుకుంది. తీరా ఇవాళ బస్సు ఆలస్యమైంది.

అది రేవు రోడ్డు మీద మూడంతస్తుల భవనం. ఊరు చూడడానికి వచ్చేవాళ్ళ చేతిలో మడతపెట్టిన రంగుల కాగితం ఒకటి ఉంటుంది. ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి, ఎక్కడ బొమ్మలు చూడాలి అన్నీ అందులో ఉంటాయి. ఈ భవనం అందులో మూడుచోట్లా కనిపిస్తుంది. కింద భోజనశాల, మధ్యలో బారు, పైన బొమ్మల హాలు. ఆ కాగితంలో పెరడు లేదు. ఆమె జీవితం మాత్రం పెరట్లోనే గడిచింది. ముందు తలుపులోంచి ఆమె ఒక్కసారి కూడా లోపలికి అడుగుపెట్టలేదు.

పీట మీద కూర్చుని ఒక్కో చిప్పనూ చేతిలోకి తీసుకోవడం, నాచు గీకడం, నోరు తెరుచుకున్నదాన్ని వేలితో తట్టడం ఆమె పని. బతికున్నదైతే ఉలిక్కిపడి మూసుకుంటుంది. మూసుకోకపోతే బకెట్టులోకి వెళుతుంది. వేళ్ళ నిండా సన్నటి తెల్ల గీతలు, పాత కోతల తాలూకు మచ్చలు. ఎంత సబ్బు రుద్దినా పోని వాసన వల్ల బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. కాళ్ళు చాపుకోవచ్చు కదా అని నవ్వేది. ఉండేది కూతురింట్లో. అల్లుడు మాట తూలే మనిషి కాదు. కాకపోతే ఆమెకు ఒంట్లో బాగోక పని మానిన రోజున గడియారం కేసి ఎక్కువసార్లు చూసేవాడు. అందుకే ఆమె జ్వరమొచ్చినా పెరట్లోనే కూర్చునేది.

వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పెద్ద కుండ కుతకుతలాడుతోంది. దాని ముందు పెద్దాయన నిలబడి ఉన్నాడు. అందరికీ పెద్దాయనే, ఆమెకు మాత్రం బావగారు. ఆమె భర్త చనిపోయిన ఏడాది, తమ్ముడి భార్య వీధిన పడకూడదని చేయి పట్టుకుని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చి, పెరట్లో పీట వేసి "కూర్చో మరదలా" అన్న మనిషి. చొక్కా జేబులో చిన్న స్టీలు చెంచా, దానికి కట్టిన నల్లదారం గుండీకి చుట్టి ఉంటుంది. ఆ చెంచాతో రుచి చూడకుండా ఏ గిన్నే గడప దాటదు.

"బావగారూ, మూలనున్న బకెట్టులోవి..."

"వేసేశాను మరదలా. సముద్రం బాలేదని పడవలు రాలేదు. నిన్న బొమ్మలు చూసినవాళ్ళంతా ఇవాళ భోజనానికి దిగుతారట. చిప్పల సూపు లేదంటే మేనేజరు నన్నే ఉడకేసి వడ్డిస్తాడు." ఆయన తన మాటకు తనే నవ్వుకున్నాడు. "మొదటి గిన్నె వెళ్ళిపోయింది కూడా. కొత్త జంట, తలుపు తీయగానే వచ్చారు. ఆ పిల్ల కడుపుతో ఉందని నిండుగా పోశాను."

వెల్లుల్లి, మిరియాలు, వేగిన ఉల్లిపాయ. వాటన్నిటి అడుగున, సన్నగా, తియ్యటి కుళ్ళు. ఆమె ముక్కు దాన్ని పట్టుకుంది. కుండలోకి తొంగి చూసింది. ఉడికాక చిప్పలన్నీ ఒకేలా నోళ్ళు తెరుస్తాయి. ఏది పొయ్యి మీద చచ్చిందో, ఏది నిన్నే చచ్చిందో ఇక చెప్పేవాళ్ళు ఉండరు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. గోనె ఎవరు కప్పారు అంటారు. ఆమెకు ముందు ఆ పీట మీద కూర్చున్న మనిషిని ఇంతకన్నా చిన్న తప్పుకే గేటు బయట నిలబెట్టారు. అల్లుడు గడియారం కేసి చూస్తున్నట్టు కళ్ళముందు మెదిలింది. ఆమె పరుగున భోజనశాల తలుపు దగ్గరికి వెళ్ళి గాజుపలకలోంచి చూసింది. కిటికీ పక్క బల్ల ఖాళీ. నీళ్ళ గ్లాసులు, నలిగిన రుమాలు. వాళ్ళు లేరు. గిన్నె కూడా లేదు.

వెనక నుంచి సర్వరు కేక వేశాడు, నాలుగు సూపులు కావాలని.

పెద్దాయన రొట్టె కోయడానికి అటు తిరిగాడు. ఆమె ఉప్పు జాడీ ఎత్తి కుండలో బోర్లించింది. ఆలోచించి చేసింది కాదు, చేతులు చేసేశాయి. రుచి చూస్తాడు, ఉమ్మేస్తాడు, కుండ దించేస్తాడు. నోరు విప్పకుండానే గండం గడుస్తుంది.

ఆయన తిరిగి వచ్చి కుండ కలిపాడు. జేబులోంచి చెంచా తీశాడు. ఊదుకుని నోట్లో పెట్టుకున్నాడు. చప్పరించాడు.

"సరిపోయింది," అని నాలుగు గిన్నెల్లోకి పోశాడు.

ఆయనకు ఆ ఉప్పు తెలియనేలేదు. ఇన్నాళ్ళూ ఆయన తనను పిలిచిన పిలుపులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మరదలా, ఈ పాలు విరిగాయేమో చూడు. మరదలా, ఈ నూనె మాడిందా? పెరట్లో కూర్చునేదానికి ఇంత గౌరవమా అని మురిసిపోయింది. అది గౌరవం కాదు. ఆమె ముక్కును అరువు తెచ్చుకుంటున్నాడు.

సర్వరు చేతిలో గిన్నెలు అప్పటికే తలుపు దాటాయి. ఆమె అతని వెనక రెండడుగులు వేసింది, అంతలోనే అతను తిరిగొచ్చాడు. "పెద్దాయనా, రేపటి నుంచి సూపు అడిగితే సముద్రంలో ముంచుకోమని చెప్పమంటారా? ఒక్క చెంచా నోట్లో పెట్టి నలుగురూ ఊసేశారు."

మేనేజరు వచ్చి చూశాడు. తొట్టిలో ఉమ్మాడు. ముసలితనం వస్తే ఇంట్లో కూర్చోవాలి గాని జనం నోళ్ళ మీద పడకూడదన్నాడు. తెలుగులో ఉన్న తిట్లలో పెద్దవాళ్ళ ముందు అనదగ్గవన్నీ అని, తనే కుండ ఎత్తించి కాలువలో పారబోయించాడు. చిప్పలు గలగలమంటూ జారిపోయాయి. పెద్దాయన ఉప్పు జాడీని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

ఇక మిగిలింది మొదటి గిన్నె.

ఆమె తొడుగు విప్పి పడేసి, ఇన్నేళ్ళలో మొదటిసారి ముందువైపు మెట్లెక్కింది. బారులో కుర్చీలు మెత్తగా, మనుషులు ఇంకా మెత్తగా ఉన్నారు. ఆమె దాటుతుంటే ఒకాయన గ్లాసు పక్కకు జరుపుకున్నాడు. బారతను సరుకులకు వెనక దారి ఉందని గుర్తు చేశాడు. కడుపుతో ఉన్న అమ్మాయి వచ్చిందా అని అడిగితే, నిమ్మరసం తాగి భర్తతో పైకి వెళ్ళిందన్నాడు.

బొమ్మల హాల్లో తెల్లటి గోడలు, చల్లటి గాలి. ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే భయం వేసేలా వినిపించింది. ఆ చివర ఒక పెద్ద బొమ్మ ముందు, నడుం మీద చేయి వేసుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది. బొమ్మలో నల్లటి బల్ల, తెల్లటి పళ్ళెం, పళ్ళెం నిండా నోళ్ళు తెరిచిన చిప్పలు. అన్నీ ఆమెనే చూస్తున్నట్టు ఉన్నాయి. ఆమె బొమ్మ మీంచి కళ్ళు తిప్పుకుని అమ్మాయి పెదవుల రంగు చూసింది. నుదుటి మీద చెమట ఉందేమోనని చూసింది.

"అమ్మా, కింద సూపు తిన్నావా తల్లీ?"

"ఎవరండీ మీరు?"

"వంటింట్లో పని చేస్తాను."

అమ్మాయి నొచ్చుకున్నట్టు నవ్వింది. "ఏమీ అనుకోకండి. గిన్నె దగ్గరికి తేగానే ఆ వాసనకి నాకు కడుపులో తిప్పేసింది. ఈ మధ్య అన్నిటికీ అంతే లెండి. ఈయన చిప్పలు ముట్టరు. అలాగే తిప్పి పంపేశాం. వంటాయన బాధపడ్డారా?"

"లేదమ్మా. ఆయన బాధపడరు," అంది ఆమె. పక్కనున్న బెంచీ మీద కూలబడింది. ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. రెంటినీ కొంగులో నొక్కేసుకుంది. బెంచీ మెత్తగా ఉంది. ఎదురుగా బొమ్మలో చిప్పలు నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

తిప్పి పంపేశాం.

ఆమె చటుక్కున లేచింది. ఆ వంటింట్లో ముట్టని గిన్నె తిరిగొస్తే పారబోయరు. పెద్దాయన పొయ్యి పక్కనే నిలబడి తినేస్తాడు. ఆయన మధ్యాహ్న భోజనం ఎన్నోసార్లు అదే.

కిందికి ఎలా దిగిందో తెలియదు. సర్వరును అడిగితే, అవును, గీకి గీకి తిన్నాడు, కడగాల్సిన పని కూడా లేదు అని నవ్వాడు. ఈసారి ఆమె గొంతులో మాట ఆగలేదు. మేనేజరుకు ఎదురెళ్ళి, బకెట్టు సంగతి, గోనె సంగతి, ఉప్పు సంగతి, అన్నీ చెప్పింది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంది. మేనేజరు ముఖం పాలిపోయింది. హాల్లో జనం ఉన్నారు, గొంతు తగ్గించమన్నాడు. తర్వాత ఇంకా తగ్గిన గొంతుతో, రేపటి నుంచి ఈ గేటు తొక్కవద్దన్నాడు. ఇన్నేళ్ళుగా భయపడ్డ మాట అది. తీరా విన్నాక దానిలో ఏమీ లేదు. ఆమె బావగారి చెయ్యి పట్టుకుని లాగింది.

"జనం తినేసి వెళ్ళనీ మరదలా. నాకేం కాలేదు," అన్నాడు ఆయన. గరిట వదల్లేదు.

బల్లలు ఖాళీ అయ్యేసరికి ఆయన పెరట్లోకి వచ్చి ఆమె పీట మీద కూర్చున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. పక్కనే గోడకు వేలాడుతున్న ఆమె సంచిని కాసేపు పట్టుకుని, వదిలేశాడు. ఆ తర్వాత మొదలైన వాంతులు ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. ఆమె దాచకుండా చెప్పింది. మర్నాడు తెల్లవారేలోపే ఆయన పోయాడు. ఒంట్లో నీరంతా పోయాక ముసలి గుండె తట్టుకోలేకపోయిందని డాక్టరమ్మ చెప్పింది. కానీ అంతకు ముందు, కిటికీలో సాయంత్రం వెలుగు ఇంకా మిగిలి ఉండగా, ఆయనకు కాసేపు తెరిపిచ్చింది. గోనె తానే కప్పానని, తప్పు తనదేనని ఆమె ఏడుస్తుంటే, ఆయన వేళ్ళు కదిపి ఆపమన్నాడు.

"గోనె మాట ఎత్తకు. పొద్దున నేనొచ్చేసరికి అది బకెట్టు మీద లేనే లేదు. పిల్లి లాగేసినట్టుంది, కాలువలో పడుంది. నేనే తీసి ఉతికి ఆరేశా. అవి నువ్వు పారేసినవని నాకు తెలుసు మరదలా. కొన్నన్నా బాగుండకపోతాయా అనుకున్నా. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా. ఏ వాసనా లేదు. కిందటి చలికాలం జ్వరమొచ్చిందే, అప్పట్నుంచి నాకు దేనికీ వాసన లేదు. రుచీ లేదు. నా ముక్కు పనికిరాదని తెలుసు. తెలిసీ దాన్నే అడిగా. నువ్వొచ్చేదాకా ఆగి నిన్ను అడగొచ్చు. అడిగితే ఇది చెప్పుకోవాల్సి వస్తుంది. ముక్కు పోయిన వంటవాణ్ణి ఎవడుంచుకుంటాడు? నువ్వు వంటింట్లోకి రాకముందే ఆ మొదటి గిన్నె తిరిగొచ్చింది, నీకు చెప్పలేదు. అది చూశాక భయమేసింది. తిని చూద్దాం, కుళ్ళు తగిలితే కుండ దించేద్దాం అనుకున్నా. ఒక్కొక్కటే నములుతూ వెతికా. ఏదీ తగల్లేదు. ఇంకొకటి, ఇంకొకటి అనుకుంటూ చూసుకునేసరికి గిన్నె అయిపోయింది. ఉప్పేసింది నువ్వే కదూ? మంచి పని చేశావు. నా చెంచా నీ సంచిలో వేశా. దారం అలాగే ఉంది. బాగా కడిగి వాడుకో."