రిసెప్టర్ తోక

ఉప్సాలా యూనివర్సిటీలో ఎవరి వ్యాసాన్ని సైన్సు పత్రిక అచ్చుకు ఒప్పుకుంటే వాళ్లే అందరికీ కేకు తేవాలి. రాగ్న్‌హిల్డ్ ఆకుపచ్చ కేకును టీ గదిలో పెట్టి, కూనిరాగం తీస్తూ ల్యాబ్‌లోకి వచ్చింది. ఆమె శిష్యుడు సిక్స్టెన్ పాలిపోయి నిలబడ్డాడు.

"ఏంటయ్యా ఆ మొహం? కేకు చాలదనా?"

"మన మందు రిసెప్టర్‌ని పట్టుకోవట్లేదు."

రోగనిరోధక కణాల మీదుండే ప్రోటీన్ అయిన ఆ రిసెప్టర్‌ను వాళ్లే ల్యాబ్‌లో తయారుచేశారు. శుద్ధి చేయడం సులువవుతుందని దాని చివర చిన్న ప్రోటీన్ తోక తగిలించింది రాగ్న్‌హిల్డే. ఆ రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకునే మందు దొరికిందని రాసిన వ్యాసాన్నే ఇప్పుడు అచ్చుకు ఒప్పుకున్నారు.

"ఏం వాగుతున్నావ్? ఈ పరీక్ష ప్లేటు చూడు, మందు అంటుకోబట్టేగా ఇంత పసుపెక్కింది!"

"అందులో రిసెప్టర్ లేదు. అదే తోక తగిలించిన కోడిగుడ్డు ప్రోటీన్ ఉంది."

ఆమె ప్లేటును మళ్లీ చూసింది. ఇన్నేళ్లూ మందు పట్టుకున్నది తోకనే! తోక తీసేసి ఒక్కసారి చూద్దామని అతను మొదట్లోనే అడిగితే, "నీకు వేరే పనేం లేదా" అని నవ్వింది తనే.

"ఆగండి, కేకు కోయొద్దు!" అని అరవబోయింది. టీ గదిలో అప్పుడే చప్పట్లు మోగాయి.