ఎవరికైనా తట్టేదే

నేను ఒక చిక్కాన్ని. గెడ చివర ఇనప చుట్టు, దానికో వల సంచి. నేల మీద నిలబడి మామిడికాయ కోసుకునే సాధనాన్ని. మా జాతి పాతదే. లాగితే తొడిమ ఊడి, సొన కారి, కాయ మచ్చపడేది. మచ్చ కాయని బేరగాడు కాలితో పక్కకి నెట్టేవాడు. అందరూ సొననే తిట్టారు. నన్నెవరూ ఏమీ అనలేదు.

నూజివీడులో వెల్డింగు షెడ్డు నడిపే ఏసుపాదం ఒక్కడే నన్ను అనుమానించాడు. రెండు వేసవులు నన్ను కోసి, వంచి, విరగ్గొట్టి, మళ్లీ అతికాడు. చివరికి ఒక చిన్న కత్తిని చుట్టు అంచున కాకుండా, పైకి లేచిన ఒక వంపు కమ్మీ మీద నిలబెట్టాడు. ముందు కాయ సంచిలో కూర్చుంటుంది. తర్వాత కాడ పైన తెగుతుంది. సొన చుక్క కారదు.

పేటెంటుకి దరఖాస్తు పెట్టాకే నన్ను తోటల్లోకి తెచ్చాడు. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: “ఓస్, ఇంతేనా!” ఆ ఏడే ఒక కంపెనీ నాలాంటివి చేసి అమ్మేసింది. పేటెంటు వస్తేనే దాన్ని ఆపగలడు. రాకుండా కంపెనీ అడ్డుపడింది.

విచారణ రోజు ఇస్త్రీ చొక్కా అందిస్తూ భార్య సువార్త, “పెద్దోళ్ల ముందు గొప్పలు చెప్పుకోమాకయ్యా, కళ్లు నెత్తికెక్కాయంటారు” అంది.

పేటెంటు ఆఫీసులో నన్ను బల్ల మీద పెట్టారు. తేలవలసింది ఒక్కటే: పని తెలిసినవాడికి ఇది ఇట్టే తట్టేదా, కాదా?

“చిక్కం పాతది, కత్తి పాతది. కలిపితే కొత్తదా?” అన్నాడు కంపెనీ లాయరు. ఆ రెండూ తరతరాలుగా ఒకే తోటలో పడున్నాయి, మరి ఎవరూ కలపలేదేం? అడగడానికి నాకు నోరు లేదు.

అధికారి మంచివాడే. సాయపడదామనే అడిగాడు: “మీకిది ఎలా తట్టిందో చెప్పండి.”

రెండు వేసవుల కథ చెప్పవలసిన చోట ఏసుపాదం చేతులు కట్టుకున్నాడు. “నాదేముందండీ, దేవుడి దయ. కాస్త చూస్తే ఎవరికైనా తడుద్దండి.”

లాయరు కలం తీశాడు. దరఖాస్తు కొట్టేశారు. ఉత్తర్వులో ఆ మాటే ఉంది. ‘అండి’ మాత్రం లేదు.

ఇప్పుడు షెడ్డు దూలానికి వేలాడుతున్నాను. మొన్న ఒక కౌలురైతు రంగు వేసిన కంపెనీ చిక్కం తెచ్చాడు. “కమ్మీ ఇరిగింది, అతుకెయ్యి బాబాయ్. కనిపెట్టినోడిది ఏం బుర్రో! మనకి తడతాయా ఇట్టాంటియి?”

ఏసుపాదం తలెత్తి ఒక్కసారి నన్ను చూశాడు.

“తట్టవులే” అని, వెల్డింగు ముసుగు ముఖం మీదికి దించుకున్నాడు.