ఉత్త నీళ్లు

మైసయ్య సారు వాకిట్లో బోనాలు ఆగకుండా చేసింది పక్కింటి సత్తెమ్మ. అది జరిగి మూడేళ్లయింది. ఇందులో అనుమానానికి చోటు లేదు. సారు తన కళ్లతో చూశాడు. బకెట్టు నిండా నీళ్లు పెట్టుకుని గడప ముందు నిలబడ్డాడు. ముందు సత్తెమ్మ, ఆమె వెనక గల్లీ ఆడవాళ్లంతా నెత్తిన బోనాలతో వచ్చారు. సత్తెమ్మ బకెట్టు వంక చూసింది. తల దించుకుంది. అడుగు వేగం చేసింది. వెనకవాళ్లూ అంతే. డప్పుల వాళ్లు కూడా అతని వాకిలి దాటే దాకా చేతులు మెల్లగా ఆడించి, అవతలి ఇంటి ముందు మళ్లీ గట్టిగా అందుకున్నారు.

బోనమెత్తిన ఆడదాని ఒంట్లో అమ్మవారుంటుంది. ఆమె ఏ వాకిట్లో ఆగితే ఆ ఇంటివాళ్లు ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి, ఆ తల్లిని చల్లబరుస్తారు. సారు భార్య నీలమ్మ ఆ గల్లీలోనే పుట్టింది. పెళ్లయిన ఏడు మొదలు ప్రతి ఆషాఢంలో తన బోనం తాను ఎత్తుకుని ముందే గుడి దగ్గరికి పోయేది. పోయేముందు ఇత్తడి బిందె నింపి గడప పక్కన పెట్టేది. వచ్చేపోయే బోనాలకు నీళ్లు పోయడం సారు పని. ఒంట్లో బాగాలేక మంచం పట్టినప్పుడు నీలమ్మ అతని దగ్గర ఒకే ఒక్క మాట తీసుకుంది. "నేనున్నా లేకున్నా మన వాకిట్ల నీళ్లు ఆగొద్దు."

ఆమె పోయి ఏడాది దాటిన తర్వాత వచ్చిన మొదటి బోనాలవి. అతను నీళ్లు పెట్టాడు. వాళ్లు ఆగలేదు. చచ్చిపోయిన మనిషికి ఇచ్చిన మాట గల్లీ అంతా చూస్తుండగా పోయింది.

మర్నాడు సత్తెమ్మ గిన్నెలో బోనం అన్నం పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. సారు తీయలేదు. ఆమె కాసేపు నిలబడి, "సారూ, ఉన్నరా" అని రెండుసార్లు పిలిచి పోయింది. ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. సత్తెమ్మకు బర్రెలున్నాయి. గల్లీ సగం ఆమె పాలే తాగుతుంది. సారు పాలు మానేశాడు. నల్ల చాయ్ తాగడం నేర్చుకున్నాడు. పోచమ్మ గుడి మెట్టు ఎక్కడం కూడా మానేశాడు. వాకిట్లో ఆగని తల్లి దగ్గరికి తను ఎందుకు పోవాలని అతని లెక్క. తర్వాతి రెండేళ్లూ బోనాల నాడు తలుపుకు తాళం వేసి, నయాపూల్ దాకా నడిచి పోయి, వంతెన గోడకు ఆనుకుని మూసీ ఎండిన ఇసుకను చూస్తూ పొద్దు గడిపాడు.

బడి మాత్రం మానలేదు. బడిలో అతను వేరే మనిషి అని కాదు. అక్కడా ఎక్కువ నవ్వడు. తప్పు రాసిన పలక మీద ఉమ్మి తుడిచే పిల్లల్ని చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. అయినా పొద్దున గంట కొట్టగానే, బోర్డు మీద మొదటి అక్షరం రాసే ముందు, చాక్‌పీసును కళ్లకద్దుకునేవాడు. తను పుట్టిన ఊళ్లో, చదువుకున్న బడిలో పంతులు అట్లా చేసేవాడు. గుడి మానేసిన తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. అది దేవుడి కోసమా, పంతులు కోసమా అని అతను ఆలోచించలేదు.

బడి బహదూర్‌పురాలో, జూ గోడకు దగ్గర్లో ఉంది. రెండు గదులు, ఒక వరండా. ఎక్కాలు చదువుతుండగా ఒక్కోరోజు జూలో సింహం అరిచేది. పిల్లలు ఎక్కడి ఎక్కం అక్కడ ఆపేసేవాళ్లు. సారు కూడా ఆగేవాడు. అది అరవడం పూర్తయ్యాక, "అయిపోయిందా దాని పాఠం? ఇగ మీది చెప్పుండ్రి" అనేవాడు. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు. ఎన్నిసార్లు అన్నా అంతే నవ్వు. ఆ మాట అనడం కోసం అతను సింహం అరుపుకు చెవులు రిక్కించి ఉండేవాడని పిల్లలకు తెలియదు. కొత్త చాక్‌పీసు విరిచినప్పుడు వచ్చే చప్పుడు, వాన వెలిశాక వరండాలో ఆరబెట్టిన పలకల వాసన, మొద్దు అనుకున్న పిల్ల ఒకనాడు తడుముకోకుండా వాక్యం చదివేయడం, ఇవి అతనికి కావాలి. ఇవి సంతోషాలని ఎవరైనా అంటే ఒప్పుకోడు.

మూడో ఏడు బోనాల ఆదివారం దగ్గరికొచ్చింది. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నం, అన్నాల గంట తర్వాత, సత్తెమ్మ మనవరాలు కళావతి అతని బల్ల దగ్గరికి వచ్చింది. రెండో తరగతి. నోరెక్కువ. ఆ పిల్ల మీద సారుకు కోపం లేదు గానీ, ఎక్కాలు అప్పజెప్పించుకునే పని తప్ప వేరే మాట ఉండేది కాదు.

"సార్, పసుపు రంగు చాక్‌పీసు ముక్క ఇయ్యుండ్రి."

ఎందుకని అడిగాడు. బోనాల ఆట ఆడుతున్నామని చెప్పింది. వరండాలో ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. నెత్తిన అన్నం డబ్బాలు, డబ్బాల మీద వేపమండలు. ఇద్దరు మగపిల్లలు అట్టలు వాయిస్తున్నారు. స్తంభాలన్నీ ఇళ్లు. ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో పిల్ల గ్లాసులో నీళ్లు పట్టుకుని ఉంది.

చాక్‌పీసులు ఆటకు కాదన్నాడు సారు. నీళ్లున్నాయి కదా, ఆడుకోండి అన్నాడు.

"గవి ఉత్త నీళ్లు సార్. ఉత్త నీళ్లు పెడితె బోనం ఆగొద్దు."

"ఎందుకాగొద్దు?"

"పసుపు కలిపితెనే ఆగాలె. ఉత్త నీళ్లు పెట్టిండ్రంటె, మా ఇంట్ల దుఃఖమున్నది, ఆగకుండ పోండ్రి అని చెప్పినట్టు. నోటితోని చెప్పరు. నీళ్లు చూసి మనమే తెలుసుకోవాలె. తల దించుకొని జల్ది పోవాలె. డప్పు మెల్లగ కొట్టాలె." పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, ఆ పిల్ల ఇంకొక మాట కలిపింది. "మీరు గూడ గట్లనె పెట్టిండ్రంట గద సార్, స్టీలు బకెట్ల. సారుకు ఇంక దుఃఖం తీరలేదని మా అవ్వ ఇంటికొచ్చి మస్తు ఏడ్సిందంట."

సారు పిల్ల వంక చూశాడు. సొరుగు లాగి, పసుపు రంగు చాక్‌పీసు మొత్తం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముక్క కాదు, మొత్తం. కళావతి నమ్మలేక ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పరుగెత్తింది.

అతని ఊళ్లో బోనానికి ఉత్త నీళ్లే పోస్తారు. నీలమ్మ ఉన్నన్నాళ్లూ తను పోసింది ఉత్త నీళ్లే అనుకున్నాడు. బిందె ఇత్తడిది. అందులో ఏ నీళ్లైనా పచ్చగానే కనిపిస్తాయి. పోసినప్పుడు పసుపు కారితే, అది వాళ్ల కాళ్లకు రాసుకున్న పసుపు అనుకున్నాడు. ఆమె పోయాక తోమే దిక్కు లేక బిందె నల్లబడింది. అందుకే ఆ ఏడు తళతళలాడే స్టీలు బకెట్టు పెట్టాడు. అడుగు దాకా కనిపించే నీళ్లు. గల్లీ మొదటి నుంచి చూసినా తెలిసిపోయే నీళ్లు.

ఆ మధ్యాహ్నం సింహం అరిచింది. పిల్లలు ఎక్కం ఆపి సారు మాట కోసం చూశారు. సారు దృష్టి వరండా మీద ఉంది. వాళ్లంతట వాళ్లే మళ్లీ మొదలుపెట్టారు.

శనివారం అంతా అతనికి కోపం తగ్గలేదు. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు. సత్తెమ్మ చెప్పాల్సింది. చెప్పడానికే వచ్చి తలుపు కొట్టింది కావచ్చు. తను తీయాల్సింది. నీలమ్మ అయినా ఒక్కసారి చెప్పాల్సింది, నీళ్లలో ఏం కలుపుతానో. తను అడగాల్సింది. ఎటు తిప్పినా లెక్క తన దగ్గరికే వచ్చి ఆగుతోంది. సారుకు అది నచ్చలేదు.

ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని, చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమాడు. మగవాడు వాకిట్లో బిందె తోముతుంటే జనం చూస్తారని పెరట్లో తోమాడు. గోడ అవతల బర్రెలకు గడ్డి వేస్తున్న సత్తెమ్మకు ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. బిందె బంగారంలా వచ్చేసరికి చేతులు నొప్పి పుట్టాయి. నీళ్లు నింపి, గుప్పెడు పసుపు వేశాడు. నీలమ్మ ఎంత వేసేదో తెలియదు. మరో గుప్పెడు వేశాడు.

సాయంత్రం ముందు డప్పులు, వాటి వెనక బోనాలు వచ్చాయి. ముందు సత్తెమ్మే. వయసు మీద పడి మెడ కొంచెం వణుకుతోంది. బోనం మాత్రం కదలడం లేదు. సారు గడప దిగి నిలబడ్డాడు. లోటాతో ఒకసారి నీళ్లు ముంచి, పచ్చగా కనిపించేట్టు మళ్లీ బిందెలోకే వంపాడు.

సత్తెమ్మ ఆగింది. ఆమె వెనక అందరూ ఆగారు. డప్పుల వాళ్లు అతని వాకిట్లోనే నిలబడి గట్టిగా వాయించారు. సారు వంగి ఆమె కాళ్ల మీద నీళ్లు పోశాడు. పసుపు ఎక్కువై బండల మీద ముద్దగా కట్టింది. వెనక ఎవరో, "సారు ఏడాది పసుపంత ఒక్కనాడె కలిపిండు" అంటే ఆడవాళ్లు నవ్వారు. అతను తలెత్తలేదు. ఒక్కొక్కరి కాళ్ల మీద వరసగా పోసుకుంటూ పోయాడు. బిందె అడుగంటింది. ఇంట్లోకి పోయి మళ్లీ నింపి, పసుపు కలిపి తెచ్చాడు. నీలమ్మ అడిగిన మాట ఇంతే.

గుడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు సత్తెమ్మ, నెత్తిన బోనం లేకుండా, అతని వాకిట్లో నిలబడింది. గిన్నెలో బోనం అన్నం ఉంది. సారు తలుపు తీసే ఉంచాడు. గిన్నె అందుకున్నాడు.

"సారూ, ఆ యేడు మేము మీరె గట్ల పెట్టిండ్రనుకొని..."

"రేపటి సంది అర్ధసేరు పాలు పొయ్యి" అన్నాడు సారు.

"పోస్త. కని ఆ ముచ్చట ఒక్కసారి..."

"వద్దు. నువ్వు చెప్పొద్దు, నేను అడగ. ఈ వాకిట్ల ఆ ముచ్చట ఇగ లెవ్వనే లెవ్వొద్దు."

సత్తెమ్మ తలూపి పోయింది. సారు గడప మీద కూర్చుని అన్నం తిన్నాడు. మర్నాడు బడిలో కళావతి, తన అవ్వ ఏమందో చెప్పబోతే, నోరు మూసుకుని రెండో ఎక్కం చెప్పమన్నాడు. ఆ తర్వాత ఎవరు కదిపినా అదే జవాబు. చచ్చేదాకా దాని గురించి అతను నోరు విప్పలేదు.