బుట్టకు చోటు

కుక్కపిల్ల కావాలంటే డబ్బిచ్చి తెచ్చుకోవాలి గాని, పెళ్ళిచూపులకు కూర్చోవడమేమిటి? మారేడ్‌పల్లి డోరమ్మగారి గేటు దగ్గరికి తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. ఓపిక అంతకంటే ముందే అరిగింది.

అంతకుముందు సీతాఫల్‌మండిలో ఒకడి దగ్గర పిల్లను కొన్నాం. తల్లిని చూపించమంటే ఊళ్ళో లేదన్నాడు. కుక్క ఊరికెళ్ళడమేమిటని నేనూ అడగలేదు. వారం తిరగకుండానే అది మా అమ్మాయి దేవకృప ఒళ్ళో పోయింది. పదేళ్ళ పిల్ల, అప్పట్నుంచి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. అందుకే ఈసారి నమ్మకమైన మనిషి దగ్గర్నుంచి తేవాలనుకున్నాను.

డోరమ్మగారు రిటైరైన నర్సు. తల్లికుక్కను చూపించారు, అది పడుకునే చోటూ చూపించారు. పిల్లను మాత్రం ఇవ్వరు.

"జెర ఆగుండ్రి యేసుదాసుగారూ, ఇంక పాలు మానలే."

మళ్ళీ వెళితే, "పగటిపూట ఇంట్ల ఎవరుంటరు? వానొస్తే ఏడ పండుకుంటది?"

ఇంకోసారి వెళితే, "మీ ఇల్లు చూసినంకనే ఇస్త."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోలీసు చర్యకు ముందటి వానాకాలం అది. రజాకార్ల భయంతో ఊళ్ళో సగం మందికి నిద్రల్లేవు. ఈవిడకేమో కుక్క పడక బెంగ.

ఆదివారం ప్రార్థన అయ్యాక బుట్టలో పిల్లతో మా ఇంటికి వచ్చారు. దేవకృప నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందోనని నా భార్య మేబెల్ కళ్ళు తుడుచుకుంది. డోరమ్మగారు మాత్రం హాల్లో తాళ్ళు బిగించి ఉన్న ట్రంకుపెట్టెలనే చూస్తున్నారు.

"ఎటో పోతున్నట్టుంది?"

"బెజవాడ. గొడవలు సద్దుమణిగేదాకా మా బావమరిది ఇంట్లో ఉంటాం."

"మరి ఇది?"

"ఇల్లు కాపలా కాస్తుంది. పక్కింటి బాలమ్మ ఇంత గంజి పోస్తుంది." ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు.

"గిట్ల ఇడిసిపెట్టి పోయిన కుక్కలు మా వరండాల మూడున్నయి. అన్నీ నేనిచ్చిన పిల్లలే," అని బుట్ట మూత వేసి లేచారు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయేవాళ్ళకు కుక్క గురించి పాఠాలేమిటని గొంతు పెంచాను. ఆవిడ గుమ్మం వైపు నడిచారు.

ఈలోగా దేవకృప తన చిన్న పెట్టెను లోపలి గదిలోకి ఈడ్చుకుపోతోంది. అందులో అమ్మాయి బట్టలన్నీ ఉన్నాయి, పోయిన క్రిస్మస్‌కు కుట్టించిన గౌనుతో సహా.

"ఈ పెట్టె ఇక్కడే ఉంటుంది నాన్నా. దీని బదులు బుట్ట నేను మోస్తా. బట్టలు ఒంటిమీదవి చాలు."

డోరమ్మగారు వెనక్కి వచ్చి బుట్టను ఆ పిల్ల చేతుల్లో పెట్టారు. నావైపు చూడనైనా చూడలేదు. అన్నిసార్లు తిరిగింది నేను, అన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పింది నేను.

ఆ పూట దేవకృప మారు అన్నం అడిగింది. నాకే ముద్ద దిగలేదు.