ఆరోగ్యవంతుల వరుసలో మొదటివాడు

నేను ఒక తలపంజరాన్ని. ఎమ్మారై యంత్రంలో పడుకున్న మనిషి ముఖం మీద బిగించే తెల్లని గూడును. ల్యాబ్‌లో నన్ను కాయిల్ అంటారు. మతిమరుపు జబ్బు మీద పరిశోధనకు ఫెలోషిప్ వచ్చిందన్న కబురు ఫోన్‌లో కనబడిన క్షణాన డాక్టర్ హిమజ చేతుల్లో ఉన్నది నేనే. గంతేసి నన్నే ముద్దు పెట్టుకుంది. పెళ్లయి నెల కాలేదు. ఆమెకు లోకమంతా ముద్దొస్తోంది.

సముద్రం అవతలి ఫ్యాక్టరీలో నా లోపల రాగితీగలు అమర్చారు. ఓడెక్కి వచ్చి కొన్నాళ్లు ఒక ఆసుపత్రిలో, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఈ పరిశోధనశాలలో కుదురుకున్నాను. భయస్థులు నాలో కళ్లు మూసుకుంటారు. ధైర్యవంతులు ఇంకా గట్టిగా మూసుకుంటారు. మెదడు పంపే సన్నని సంకేతాలు వినడం నా పని. విన్నది దాచుకోవడం నాకు చేతకాదు.

ఇక్కడొక ఆనవాయితీ ఉంది. రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతుల మెదళ్లు కావాలి కనుక, కొత్త పరిశోధనలో తొలి స్కాన్ సొంతవాళ్లకే తీస్తారు. సొంతవాళ్లకు జబ్బులుండవని వీళ్ల నమ్మకం! మధ్యాహ్నానికల్లా హిమజ భర్త ఫణి మిఠాయి డబ్బాతో దిగాడు.

"ఉంగరం తియ్యాలె సార్," అన్నాడు టెక్నీషియన్ యాదయ్య.

"రావట్లేదండీ. అత్తగారు బిగుతుగా చేయించారు."

"సబ్బు పెడ్తే ఉంగరం ఊడొస్తది సార్. మేడమే ఇగ ఊడరు!"

ముగ్గురూ నవ్వారు. సబ్బుతో ఉంగరం ఊడొచ్చింది. ఫణి ఇంకా నవ్వుతూనే నాలో తల పెట్టాడు. యంత్రం దడదడలాడింది. జ్ఞాపకాలు నిలిచే ఆ చిన్న చోట నాకు బాగా తెలిసిన ఖాళీ వినిపించింది. మతిమరుపు పట్టిన ముసలి తలల్లో వినేదే. ఇతనికింకా ముప్పై నాలుగు.

అద్దం అవతల తెర చూస్తున్న హిమజ నవ్వు ఆగింది. లోపలికి వచ్చి నన్ను విప్పింది.

"ఫణీ, మావయ్యగారు ఎలా పోయారన్నావు?"

"నాన్నా? నా చిన్నప్పుడే కదా. చివర్లో ఇంటి దారి కూడా మర్చిపోయేవారు. తాగుడు వల్లే అనేవాళ్లు. ఆయన తాగడం నేనైతే చూడలేదు. ఎందుకు?"

"ఊరికే."

"ఇంతకీ నాకు బుర్ర ఉందా, లేదా?"

ఆమె అతని నోట్లో మిఠాయి ముక్క పెట్టి, యాదయ్య వైపు తిరిగింది.

"ఈ కాయిల్ పాడైనట్టుంది యాదయ్యగారూ. రేపు పొద్దున్నే మొదట నాకు తీయండి. నాకూ ఇలాగే వస్తే చాలు, తప్పు దీనిదే."